మూడు గుండీల డబ్బాలు

పొద్దున్న ఎనిమిదింటికి కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లికి తెల్లగుండీలు కావలసి వచ్చాయి. అరలో చివరనున్న డబ్బా తీసి మూత తిప్పింది. లోపల గుండీలు లేవు. రెండు వేళ్ల వెడల్పున్న కాగితం ముక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే, ఒకవైపు "గుండెలో గదులెన్ని?" అనీ రెండోవైపు జవాబూ. కూతురి చేతిరాతే. పక్కనున్న రెండు డబ్బాల్లోనూ అవే ముక్కలు.

ఇవి కాపీ చీటీలా? పోయిన పరీక్షలో సైన్సులో ముప్పై రెండు తెచ్చుకున్న పిల్లకి ఈసారి ఎనభై ఒకటి వచ్చాయి. నిన్ననే సైన్సు మాస్టారు చీటీ పంపారు. "రేపు పదింటికి అమ్మాయిని తీసుకుని రండి. మార్కుల గురించి మాట్లాడాలి." కాపీ కొట్టినట్టు తేలితే ఏడాదిపాటు బడి గడప తొక్కనివ్వరు.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పిల్ల పుస్తకం మూసేసి గోడవైపు తిరిగి గొణుక్కోవడం. తను గదిలోకి వెళ్లగానే గుప్పిట బిగించడం. నెల కిందట యూనిఫారం తెచ్చి "అమ్మా, లోపలివైపు ఒక చిన్న జేబు కుట్టవా?" అని అడగడం. ఆ జేబు తనే కుట్టింది, తన చేతులతోనే.

"ఒసేయ్ పిచ్చుకా, ఇలా రా!"

జడ సగం అల్లుకున్న కూతురు పరుగున వచ్చింది. బల్లమీద మూతలు తీసి ఉన్న డబ్బాలు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏంటివి?"

"చదువుకోడానికే అమ్మా."

"పుస్తకాలుండగా ఈ ముక్కలెందుకు? ఆ జేబు దేనికి కుట్టించుకున్నావే? నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు!"

"నడిచి వెళ్లేటప్పుడు చూసుకోడానికి. పరీక్షరోజు అన్నీ ఇక్కడే పెట్టి వెళ్లాను. నిజం."

"మరి దాచడం ఎందుకు? తప్పు చెయ్యనిదానివి దొంగలా గోడకేసి తిరుగుతావా?"

గుమ్మంలో చిక్కుళ్లు ఒలుస్తున్న నానమ్మ తలెత్తింది. "దాన్ని నిలబెట్టి ఉతికే బదులు ఆ ముక్కలేవో అడిగి చూడరాదూ? కాపీ కొట్టేదైతే ఇప్పుడే నోరు వెళ్లబెడుతుంది."

"మీరుండండి అత్తయ్యా," అంటూనే తల్లి మూడో డబ్బాలోంచి ఒక ముక్క లాగింది. పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఇంకొకటి, మరొకటి. పదకొండు అడిగితే పదకొండూ చెప్పింది. తల్లి మొహంలో బిగువు మాత్రం సడలలేదు. మొదటి డబ్బాలోంచి తీసింది. "రక్తంలో ఎరుపు దేనివల్ల?"

పిల్ల నీళ్లు నమిలింది. "రావట్లేదమ్మా."

"అదిగో!"

"రానివే ఆ డబ్బాలో ఉంటాయి. రోజూ చూస్తాను. వస్తే రెండో డబ్బాలోకి వెళ్తుంది, మూడు రోజులకోసారి చూస్తాను. మళ్లీ వస్తే మూడోదాంట్లోకి, వారానికోసారి. మర్చిపోతే తిరిగి మొదటికే."

"ఎవరు చెప్పారు నీకిది?"

"నువ్వే."

"నేనా?"

"కొలతల పుస్తకం తెరవకముందే నడుము ఇంత, చెయ్యి ఇంత అని పైకి అనుకుంటావుగా. తర్వాతే తెరిచి సరిచూసుకుంటావు. తప్పైతే నాలుక కరుచుకుని మళ్లీ అంటావు. అందుకే నీకందరి కొలతలూ నోటికొచ్చు. నేనెప్పుడూ పుస్తకం తెరిచే చదివాను. చూస్తున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉండేది. మూస్తే ఏమీ లేదు." పిల్ల సగం అల్లిన జడను వేలికి చుట్టుకుంది. "పుస్తకం మూసి చదివే చదువేంటని నువ్వు కేకలేశావు. అందుకే దాచాను."

తల్లి మిషను పక్కనున్న కొలతల పుస్తకంవైపు చూసింది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. అదొక పద్ధతని తనకే తెలియదు.

చేతిలోని ముక్కను మొదటి డబ్బాలో పెట్టబోతే, అడుగున కొసలు నలిగిన కాగితం ఒకటి కనబడింది. పిల్ల ఎన్నిసార్లు తీసి చూసిందో! "అమ్మ ఇవి చూస్తే ఏం చెప్పాలి?" వెనక్కి తిప్పింది. ఖాళీ.

ఆ ముక్కను తీసి మూడో డబ్బాలో వేసి మూత బిగించింది.

"ఇది వచ్చేసిందిలే," అంది. "రా, జడ వేస్తాను."

పిల్ల భయంగా అడిగింది. "మాస్టారు నమ్మకపోతే?"

తల్లి మూడు డబ్బాలనూ సంచిలో సర్దింది. "నమ్మేదాకా అడగమంటాను. నీ పక్కనే కూర్చుంటాను."

"ఆ ఎరుపు సంగతి మాత్రం దారిలో చూసుకోవే," అంది నానమ్మ, చిక్కుళ్లమీంచి తలెత్తకుండానే.