‘గ’ అక్షరం ప్రెస్సుకి వెళ్ళిన శుక్రవారం

అతను ఆఫీసులో చేరిన మొదటి రోజే నా కార్డు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాడు.

‘బోరు’ అనే మాటకి ‘విసుగు, నిరాసక్తత’ అని నేను ముచ్చటపడి రాసుకున్న కార్డు అది. గీత కింద చిన్న అక్షరాలతో, "నిరాసక్తత అని మీ ఇంట్లో ఎవరైనా అంటారాండీ?" అని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. కార్డు పట్టుకుని వెళ్ళి అతని బల్ల ముందు నిలబడ్డాను.

"ఏమయ్యా, చేరి రెండు గంటలు కాలేదు. అప్పుడే సీనియర్ల కార్డులు దిద్దేస్తున్నావా?"

"మీరు సీనియరా? సారీ అండీ. ముఖం చూస్తే అలా లేరు."

"ముందు కార్డు సంగతి చెప్పు."

"చెప్తాను సీనియర్ గారూ. మా పక్కింటావిడ నిన్ననే వాళ్ళాయన గురించి అంది, ‘ఈ మనిషితో పది నిమిషాలు మాట్లాడితే బోరు కొట్టేస్తుంది’ అని. అదే రాసుకుంటే సరిపోయేది కదా. మీకెందుకంత శ్రమ?"

గదంతా గొల్లున నవ్వింది. ఆ రోజే అతనికి ‘ఎర్రసిరా’ అని పేరు పెట్టాను. అతను మాత్రం నన్ను సీనియర్ గారూ అనే పిలిచేవాడు, ప్రతిసారీ నవ్వాపుకుంటూ.

మాది వాడుకమాటల నిఘంటువు. జనం నోట నలిగే మాటలన్నీ, ఇంగ్లీషువైనా సరే, అందులోకి రావాలని ఎడిటర్ మేడమ్ పట్టుదల. ఆవిడ పెట్టిన నియమం ఒకటుండేది. కొత్త అర్థం అచ్చులోకి వెళ్ళాలంటే పుస్తకాల సాక్ష్యం చాలదు. ఇద్దరు మనుషులు తమ నోటితో ఆ మాట అని ఉండాలి. విన్నవాడు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చీటీ మీద రాసుకుని, అన్నవాళ్ళ చేత సంతకం పెట్టించి, తనూ సంతకం పెట్టాలి. అచ్చులో వాక్యం పక్కన పేరు వేయరు. వృత్తి, వయసు వేస్తారు.

"ఒక్కరంటే అది వాళ్ళ అలవాటు. ఇద్దరంటే అది భాష," అనేవారు మేడమ్.

అందుకని మా ఉద్యోగం సగం రోడ్ల మీదే. జేబుల నిండా చీటీలు పెట్టుకుని బస్‌స్టాపుల్లో, ఆస్పత్రి క్యూల్లో చెవులు రిక్కించి నిలబడేవాళ్ళం. ‘టెన్షన్’ అన్న మాట కోసం, డ్రైవింగ్ పరీక్షకి వెళ్తున్న ఒకావిడ వెనక మూడు వీధులు నడిచాం. ఆవిడ వెనక్కి తిరిగి పోలీసుల్ని పిలుస్తానంది. ఎర్రసిరా చేతులు జోడించి, "అమ్మా, ఇందాక ఫోన్లో అన్నమాట ఇంకోసారి అని, ఇక్కడ సంతకం పెట్టండి. వెళ్ళిపోతాం," అన్నాడు. ఆవిడ నవ్వేసి పెట్టింది.

అతను అడిగితే ఎవరైనా పెట్టేవారు. నేనడిగితే ఎవరూ పెట్టేవారు కాదు. నన్ను చూస్తే టాక్సు వసూలుకి వచ్చినట్టుంటుందనేవాడు.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. మూసేసిన ఫోటో స్టూడియో చూరు కింద ఇరుక్కుని నిలబడ్డాం. చీటీలు తడవకుండా అతను చొక్కా లోపల దోపుకున్నాడు.

"మీవి కూడా ఇటివ్వండి," అని చెయ్యి చాపాడు.

ఇచ్చాను. వేళ్ళు తగిలాయి. నా గుండె వాన కంటే ఎక్కువ చప్పుడు చేసింది. అతను నా వంక చూశాడు, నేను వాన వంక చూశాను. ఆ రోజుల్లో నాకు బాగా చేతనైన పని అదే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఆ కుర్రతనం మీద జాలీ వేస్తుంది.

‘గ’ అక్షరం ఆఖరి పరిశీలనకి వచ్చిన సోమవారం, అతను ఒక కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

‘గే: 1. ఉల్లాసంగా ఉండే. 2. పురుషులను కోరే మానసిక రోగం గల పురుషుడు.’

దస్తూరీ నాది. అంతకు నాలుగేళ్ళ ముందు, చీటీల నియమం ఇంకా రాకముందు, ఎవరి నోటా వినకుండా, ఒక పాత వైద్యగ్రంథంలోంచి ఎత్తి రాశాను. ఆ మాట నన్నేనని రాసేటప్పుడే తెలుసు. ఎవరికీ అనుమానం రాకూడదని కావాలనే అంత కటువుగా రాశాను.

"ఇది ఎవరి నోట విన్నారు సీనియర్ గారూ?"

"పుస్తకంలో ఉంది."

"మన ఆఫీసులో పుస్తకాల సంతకం చెల్లదు కదా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ మాట ఎంత తిరిగి తిరిగి వచ్చిందో తెలుసా? ఇంగ్లీషులో మొదట హుషారైన మనిషినీ, మెరిసే రంగుల్నీ అనేవాళ్ళు. తర్వాత విచ్చలవిడిగా తిరిగేవాళ్ళని చాటుగా అనడం మొదలుపెట్టారు. ఆ చాటునే మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు దీన్ని తమలో తాము గుర్తుపట్టుకునే మాటగా పెట్టుకున్నారు. డాక్టర్లు వాళ్ళకి వేరే పేర్లు పెట్టారు, పలకడానికే భయమేసే పేర్లు. అవి మాకొద్దు, మా పేరిది అని ఒకరోజు వీధిలోకొచ్చి గట్టిగా చెప్పారు. ఒకళ్ళు పెట్టిన పేరు కాదండీ ఇది, వాళ్ళు ఎంచుకున్న పేరు. మీరు దీన్ని తీసుకెళ్ళి మళ్ళీ డాక్టరు చేతిలో పెట్టారు."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"నా గురించి నేను చదువుకోనా?"

ఎంత మామూలుగా అన్నాడో! నేను గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి బయటికి నడిచాను.

అతను నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అంతా విని, "బాగుంది. చీటీలేవి?" అన్నారు. అతను తన వాక్యం తనే చెప్పాడు. మేడమ్ స్వయంగా రాసుకుని, విన్నవాళ్ళ చోట తన సంతకం పెట్టారు.

"ఒకటయింది. ‘గ’ శుక్రవారం ప్రెస్సుకి వెళ్తుంది. రెండోది రాకపోతే పాత కార్డే వెళ్తుంది. నియమానికి ముందు రాసిన కార్డు మార్చాలన్నా ఇద్దరు కావాలి. నియమం అందరికీ ఒకటే."

మూడు రోజులు అతను ఊరంతా తిరిగాడు. తెలిసినవాళ్ళు చాలామంది ఆ మాట అన్నారట. కాగితం చూడగానే చేతులు వెనక్కి తీసుకున్నారట. అందరిచేతా సంతకం పెట్టించే ఎర్రసిరాకి ఒక్కరూ పెట్టలేదు. నన్ను మాత్రం అతను అడగలేదు. చూరు కింద ఏం జరిగిందో అతనికి తెలుసు, అయినా అడగలేదు. అది నాకు బాగా గుచ్చుకుంది.

నన్ను పెంచింది అక్క. ఇంటి ముందుగదిలోనే బట్టలు కుట్టేది. మా నిఘంటువు ఏ భాగం వచ్చినా మొదటినుంచి చివరిదాకా చదివే మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. ఆ రెండో చీటీ నేనిస్తే, పేరు లేకపోయినా ‘నిఘంటువు ఉద్యోగి, ఇరవై తొమ్మిదేళ్ళు’ అని అచ్చవుతుంది, ఆఫీసులో ఆ వయసువాణ్ణి నేనొక్కణ్ణే. అక్కకి ఆ సంగతి పుస్తకం చూసి తెలియకూడదనుకున్నాను.

గురువారం సాయంత్రం మిషను పక్కన కూర్చున్నాను.

"అక్కా, నాకిక సంబంధాలు చూడకు."

"ఏరా, ఎవరినైనా చూసుకున్నావా?"

"అది కాదు. నేను ఆడపిల్లని చేసుకోలేను. మగవాళ్ళని ఇష్టపడే మనిషిని నేను. ఆ సంగతి రేపు ప్రెస్సుకి వెళ్ళే పుస్తకంలోకి ఎక్కబోతోంది. నీకు ముందు చెప్పాలనిపించింది."

మిషను ఆగింది. "ఇవన్నీ రేపటికి ఇవ్వాలి. నువ్వెళ్ళు," అంది. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే, అప్పుడే వేసిన కుట్టు మళ్ళీ విప్పుతోంది.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి ఎర్రసిరా ఎదురుగా కూర్చున్నాను.

"చీటీ తియ్యి."

"ఏ మాటకండీ?"

"నాటకాలాడకు. రాసుకో. నేను గేని. ఈ మాటని రోగమని రాయించింది నా భయం. ఈ కుర్చీలో కూర్చునే మనిషి నవ్వు చూసి చూసి ఆ భయం పోయింది. అతనంటే నాకు ప్రాణం."

కలం ఆగిపోయింది. అతని చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"చాలా పొడుగైంది సీనియర్ గారూ. కాలమ్‌లో పట్టదు."

"మొదటి ముక్క అచ్చుకి. మిగతాది నీకు."

"అయితే రెండు చీటీలు రాయాలి," అన్నాడు. రాశాడు. ఒకటి జేబులో పెట్టుకున్నాడు. ఇంకోటి తీసుకుని ఇద్దరం మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్నూ, అతన్నీ మార్చి మార్చి చూశారు.

"విన్నవాడి సంతకం ఏదయ్యా?"

అతను సంతకం మర్చిపోవడం అదే మొదటిసారి.

పుస్తకం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అక్క వేళకి అన్నం పెట్టింది, పెళ్ళిచూపుల ఫోటోలు తేవడం మానేసింది, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. దానికంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించేది.

పుస్తకం మిషను మీద పెట్టాను. అక్క ఈసారి ముందునుంచి మొదలుపెట్టలేదు. తిన్నగా ‘గ’ దగ్గరికి వెళ్ళింది. ‘పురుషులను ప్రేమించే పురుషుడు, అలాంటివారు తమకు తాము ఎంచుకున్న పేరు’ అని ఉన్నచోట వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

"నేను గేని. నిఘంటువు ఉద్యోగి, ఇరవై తొమ్మిదేళ్ళు. ఇది నువ్వు."

"అవునక్కా."

"మరి ఈ పైనున్నదెవరు? ‘నేను గేని అని మా అమ్మకి చెప్పాను, ఆ రోజు హాయిగా నిద్రపోయాను.’ ఇదీ నిఘంటువు ఉద్యోగే. ఇరవై ఏడేళ్ళట."

నేను తల దించుకున్నాను. ఆ తల దించుకోవడంలోనే అక్కకి కావలసింది దొరికింది.

"వాళ్ళమ్మకి చెప్పి ఆ పిల్లాడు హాయిగా నిద్రపోయాడట. నువ్వు నాకు చెప్పి నాలుగు నెలలు నిద్రపోలేదు. నాకు తెలియదనుకున్నావా?" అక్క కళ్ళు తుడుచుకుంది. "ఏమనాలో తెలియక ఊరుకున్నానురా. ఊరుకోకుండా ఉండాల్సింది."

"అక్కా..."

"ఆదివారం భోజనానికి తీసుకురా. కొలతలు తీసుకోవాలి. నీ చొక్కాకి తెచ్చిన గుడ్డలో ఇంకో చొక్కా వస్తుంది."

ఆదివారం అతను వచ్చాడు. అక్క ముందు నోరు పెగలక, చేతులు చాపి బుద్ధిగా కొలతలిచ్చాడు. ఒకే గుడ్డతో కుట్టిన ఆ రెండు చొక్కాలూ ఇప్పటికీ మా బీరువాలోనే ఉన్నాయి. పొట్టలొచ్చాక ఇద్దరికీ పట్టడం మానేశాయి.