గొడుగు మెయిలు, పెళ్ళి మెయిలు

"గొడుగుల ప్రచారం అబ్బాయివి నువ్వేనా?"

తలెత్తి చూశాను. గుమ్మంలో మా ఆఫీసు మెయిల్ సర్వర్ చూసుకునే అమ్మాయి. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ కోపంలోనూ ఎంత బావుందో!

"నేనేనండీ. వానాకాలం ఆఫర్, సగం ధర! మన దగ్గరున్న అడ్రసులన్నిటికీ ఒక్క క్లిక్కుతో పంపేశాను," అన్నాను గర్వంగా.

"ఘనకార్యమే! వాటిలో సగం ఎప్పుడో మూతపడ్డవి. మిగతావాళ్ళు ఒళ్ళుమండి స్పామ్ అని నొక్కారు. మన సర్వర్ బ్లాక్‌లిస్టులో పడింది. ఇక మనం పంపే మెయిలేదీ గడప దాటదు, తెలుసా?"

తెలీదు. చెమటలు మాత్రం పట్టాయి.

ఆ రోజే నా కుర్చీ తన టేబుల్ పక్కకి మారింది. పనికిరాని అడ్రసులు ఏరి పారేశాం. బ్లాక్‌లిస్టు వాళ్ళని బతిమాలుకున్నాం. తర్వాత, కావాలని అడిగినవాళ్ళకే, రోజుకి కొద్దిమందికి పంపడం మొదలుపెట్టాం.

"ఇంత నత్తనడకా?" అని గొణిగాను.

"ముక్కూమొహం తెలియని ఇంటికి ఊరందరినీ వెంటేసుకెళ్తే తలుపు తీస్తారా? మెల్లగా తట్టాలి. కింద 'వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అని పెట్టాలి. వద్దన్నవాళ్ళ జోలికి మళ్ళీ పోకూడదు."

సర్వర్ గండం గట్టెక్కింది. నేను మాత్రం నిండా మునిగాను.

ఓ సాయంత్రం జోరువాన. ఒకే గొడుగు కింద బస్టాపుకి నడుస్తూ మనసులో మాట చెప్పేశాను. తను వానవైపు చూసి నవ్వింది.

"నాకిష్టమే. కానీ నాన్న ఒప్పుకోవాలి. ఆయనకి ఫోనంటే చిరాకు. పద్ధతిగా ఓ మెయిల్ రాయి, చదివి ఆయనే పిలుస్తారు."

ఆఫీసు అడ్రసు నుంచే రాశాను. పిలుపు రాలేదు. పెద్దాయనకి నచ్చలేదనుకుని మొహం వేలాడేసుకుని తిరిగాను. తన టేబుల్ వైపు వెళ్ళడమే మానేశాను. చివరికి తనే వచ్చి మీద పడింది.

"నాలుగు ముక్కలు రాయడానికి కూడా ధైర్యం లేదా? ఏదమ్మా ఆ మెయిలు అని నాన్న రోజూ అడుగుతున్నారు!"

"రాశాను తల్లీ! ఆయనే జవాబివ్వలేదు!"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఒకేసారి వెలిగింది.

ఆ సాయంత్రమే వాళ్ళింట్లో పెద్దాయన తన స్పామ్ పెట్టె తెరిచారు. అడుగున నా గొడుగు మెయిలు. దాని మీద నా పెళ్ళి మెయిలు.

"ఓహో, నువ్వేనా! ఎప్పుడో మీ కొట్లో గొడుగు కొన్న పాపానికి మొన్న ఇంకోటి కొనమన్నావు. స్పామ్ అని నేనే నొక్కాను. ఇప్పుడేమో పిల్లనివ్వమంటున్నావు. ఇది ఇంకెంతమందికి పంపావయ్యా?"

"మీ ఒక్కరికే సార్."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చివరిదాకా చదివారు. ఆఖరి వాక్యం మాత్రం పైకి చదివారు. "'మీరు వద్దంటే మళ్ళీ అడగను. కానీ చాలా బాధపడతాను.'"

తను నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గొడుగు మెయిల్లో ఈ మర్యాద లేదే! ఎవరు నేర్పారు?"

"మీ అమ్మాయేనండీ."

ఆయన మీసాల చాటున నవ్వుకుని, 'స్పామ్ కాదు' అన్నచోట నొక్కారు. తన చెయ్యి నా చొక్కా వదిలి నా చేతిలోకి వచ్చింది. సంతోషంతో నాకు ఏడుపొకటే తక్కువ.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"ఇంతకీ అల్లుడూ, ఆ సగం ధర ఇంకా ఉందా?"