నాన్న అప్పులో మూడో వంతు

నీవెస్ కాఫీ పొయ్యి మీద పెట్టేసరికే ఆమె అన్నయ్య దనీలో బల్ల ముందు కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. పాదోవా నుంచి తొలి బస్సుకే వచ్చేశాడు. కిటికీ కింద కాలువలో చేపల పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. అన్నిటికన్నా చివరిది నాన్నది. ఆయన, ఒత్తోరినో తియోత్సో, పోయి ఆరు నెలలవుతున్నా ఎవరూ దాని తాడు విప్పలేదు.

"నోటరీ దగ్గరికెళ్ళి ఆస్తీ వద్దు, అప్పూ వద్దు అని సంతకం పెట్టేస్తే పీడా పోతుంది," అన్నాడు దనీలో. "నువ్వూ పెట్టెయ్."

"నేను పెట్టలేను అన్నయ్యా."

"ఏం?"

"నాన్నతో ఉన్నది నేను. పడవ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. అలా సొత్తు చేతిలో ఉన్నవాళ్ళు మూడు నెలల్లో అన్నిటికీ విలువ కట్టించాలట. లేకపోతే ఆస్తినీ అప్పునీ ఒప్పుకున్నట్టేనట." నీవెస్ కాఫీ దించింది. "ఆ మూడు నెలలూ నాన్న చొక్కాలు మడతపెట్టడానికే నాకు చేతులు రాలేదు. విలువేం కట్టిస్తాను?"

"అంటే?"

"ముగ్గురం ఒప్పుకుంటే తలా మూడో వంతు. ఎవరి వంతు వాళ్ళు కట్టుకోవాలి. మీరిద్దరూ వద్దంటే నాన్న అప్పు తొంభై వేల యూరోలూ నా మీదే. పడవ అమ్మితే ఇరవై వేలు కూడా రావు."

దనీలో తల పట్టుకున్నాడు. "అప్పు చేసి పడవకి ఆ ఇంజను కొనొద్దని వందసార్లు చెప్పాను. ఆ వయసులో కొత్త ఇంజను దేనికి? విన్నాడా?"

"ఫోన్లో చెప్పావు. పక్కన కూర్చుని చెప్పలేదు."

"మొదలెట్టావా! చేసిందంతా నువ్వు, నేను చుట్టాన్ని!"

"చుట్టాలు పండక్కైనా వస్తారు."

దనీలో మొహం ఎర్రబడింది. గడియారం మళ్ళీ చూసుకున్నాడు. "లోరిస్ సంగతేంటి?" అన్నాడు.

"వస్తానన్నాడు. వద్దనే అంటాడు. నాన్న వాడికేం ఇచ్చాడని ఈ అప్పు నెత్తిన పెట్టుకుంటాడు?"

లోరిస్ అందరికన్నా చిన్నవాడు. ఓ చలికాలం తుఫానులో పడవ మునగబోయి బయటపడ్డాక, ఇక సముద్రంలోకి రానన్నాడు. "నా పడవ దిగినవాడు నా కొడుకు కాడు," అన్నాడు ఒత్తోరినో. పదకొండేళ్ళయింది. లోరిస్ త్రియెస్తే నగరంలో ఓ రొట్టెల బట్టీలో కుదురుకున్నాడు. తండ్రి అంత్యక్రియలకి వచ్చి కూడా, చర్చి గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తలుపు తట్టిన చప్పుడైంది. గుమ్మంలో లోరిస్. జుట్టు అప్పుడే నెరుస్తోంది.

"లోపలికి రావచ్చా అక్కా?"

పుట్టి పెరిగిన ఇంట్లోకి రావడానికి వాడు అనుమతి అడిగేసరికి నీవెస్ గుమ్మందాకా పరుగున వెళ్ళింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

దనీలో గబగబా విషయమంతా చెప్పి, "సంతకం పెట్టేసి సాయంత్రానికల్లా వెళ్ళిపోవచ్చురా," అన్నాడు.

"నేను వద్దనడానికి రాలేదు అన్నయ్యా. నా వంతు తీసుకోవడానికొచ్చాను."

"అక్కడ ఉన్నది అప్పురా పిచ్చోడా!"

"తెలుసు. నాన్న నన్ను కొడుకు కాదన్నాడుగా. మరి నాకు వంతు ఎలా వచ్చింది?"

"తండ్రి తిట్టి పంపేస్తే వారసత్వం పోతుందా? చట్టం అందుకు ఒప్పుకోదు."

"అదే నేననేది. ఆయన కాదన్నా నేను కొడుకు కాకుండా పోలేదు. ఇప్పుడు నా చేత్తో నేనే కాదని రాసివ్వమంటావా?"

దనీలో కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ముప్ఫై వేలు ఎక్కడ్నించి తెస్తావు?"

"నెలనెలా కడతాను. నెలకోసారి ఆయన పని ఒకటి చేసినట్టుంటుంది. బతికుండగా ఒక్కటి చెయ్యనిచ్చాడా?"

నీవెస్ చేతిలో ఉన్న వంటింటి గుడ్డతో మొహం కప్పుకుంది.

ముగ్గురూ నోటరీ దగ్గరికెళ్ళారు. ఆవిడ వయసైన మనిషి. అంతా విని, లోరిస్‌తో నెమ్మదిగా చెప్పింది. "ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం కుదరదు. అయితే ఆస్తికి విలువ కట్టించి, అంతమేరకే అప్పు కట్టే దారి మీకూ మీ అన్నయ్యకీ ఇంకా ఉంది. మీ అక్కకే గడువు దాటిపోయింది."

"అక్కకి లేని దారి నాకెందుకండీ?" అన్నాడు లోరిస్. సంతకం పెట్టాడు.

ఆవిడ దనీలో వైపు చూసింది. అతను కలం తీసుకుని చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు.

"నాకు వీడంత గుండె లేదండీ. ఇంటి అప్పుంది, మా ఆవిడకి జవాబు చెప్పుకోవాలి. ఆ విలువ కట్టించే దారిలో రాయండి." తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు. "కానీ వద్దని మాత్రం రాయను. నీ వంతు మూడో వంతే నీవెస్. అంతకన్నా ఒక్క యూరో నీ మీద పడదు."

"చాలు అన్నయ్యా," అంది నీవెస్. నిజంగానే ఆమెకి చాలు.

బయట ఎండ కాస్తోంది. కాలువ గట్టు మీది బల్ల దగ్గర లోరిస్ ఆగిపోయాడు.

"అక్కా, ఈ పదకొండేళ్ళూ నాన్న ఎలా ఉండేవాడు? నాకేమీ తెలీదు. చివరికి గడ్డం పెంచాడో, గీసుకునేవాడో కూడా తెలీదు."

నీవెస్‌కి ఏడుపు ఆగలేదు. వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. "పెంచలేదురా. రోజూ నేనే గీసేదాన్ని. నా చెయ్యి బరువని రోజూ తిట్టేవాడు."

లోరిస్ నవ్వబోయి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "ఏమని తిట్టేవాడు? ఆయన అన్నట్టే చెప్పు."

పాదోవా బస్సు హారన్ మోగింది. దనీలో అటు చూడనైనా చూడకుండా వచ్చి, తమ్ముడికి రెండోవైపు కూర్చున్నాడు.