ఒక వంటకం, రెండు పేజీలు

“పాస్తాఫ్రోలాలో జామ పెట్టమని అచ్చయితే ఎర్మీనియా చచ్చినట్టే,” అన్నాడు గూఢచారి విభాగం పెద్ద దోన్ ఫుల్హెన్సియో. “చిలగడదుంప పెట్టమంటే బతికినట్టు.”

ఏజెంట్ ఎలియోదోరో తాగుతున్న చల్లటి ఆకుపానీయం, తెరెరే కప్పు కింద పెట్టాడు. ఎర్మీనియా పరాగ్వే రాజధాని అసున్సియోన్ రేవులో పడవ నడిపే పిల్ల. విదేశీ ముఠా తుపాకులు దించుతుంటే కళ్లారా చూసింది. రేపు కోర్టులో సాక్ష్యం. ముఠా హంతకులకు కబురు సాయంత్రం పత్రిక వంటల శీర్షికలో, పాస్తాఫ్రోలా అనే తీపి పిండివంట తయారీ రూపంలో వస్తుంది. చిలగడదుంప అంటే ఆమె ఇల్లు దొరకలేదు, ముఠా పడవకు తిరిగి రండి. జామ అంటే దొరికింది, చంపండి.

“రాసేదెవరు సార్?”

“నీమియా రెకాల్దే. పత్రికలో మనం పెట్టిన మనిషే. మన జీతం తింటూ వాళ్లకు పనిచేస్తోంది.”

“పట్టుకుందామా?”

“వంటకం రాకపోతే హంతకులు చెల్లాచెదురవుతారు. వాళ్ల మొహాలు మనకు తెలియవు. పడవ దగ్గరికి వాళ్లంతట వాళ్లే రావాలి. అంటే చిలగడదుంపే అచ్చవ్వాలి.”

దొంగ మీసం అంటించుకుని ఎలియోదోరో పత్రికాఫీసులో కంప్యూటర్ మీద పేజీలు కట్టే పనికి చేరాడు. అక్కడి పద్ధతి చిత్రంగా ఉంటుంది లెండి. రాసేవాళ్లు తమ ఫైల్లో రాస్తారు, పేజీకి ఆ ఫైలుతో లింక్ ఉంటుంది. రాసేవాళ్లు ఫైలు తెరిస్తే తాళం బొమ్మ పడుతుంది, ఇక మరెవరూ చెయ్యి పెట్టలేరు. మూసేస్తే పేజీ మీద పసుపు గుర్తు. అది నొక్కితే కొత్త మాటలు పేజీలోకి వచ్చేస్తాయి.

పొద్దున చిలగడదుంపే ఉంది. భోజనాలయ్యాక తాళం పడింది.

నీమియా మారుస్తోంది! ఎలియోదోరో గబగబా పేజీకి నకలు తీశాడు. ఒకదానికి లింక్ తెంచేశాడు, అందులో చిలగడదుంప అలాగే ఉండిపోయింది. రెండోదాని లింక్ ముట్టుకోలేదు.

ఎత్తు మడమల చెప్పుల చప్పుడు. అత్తరు వాసన.

“ఏమయ్యా కొత్తబ్బాయ్, నా వంటకం వచ్చిందా?”

లింక్ ఉన్న పేజీ తెరిచి పసుపు గుర్తు నొక్కాడు. చిలగడదుంప పోయి జామ వచ్చింది.

“భలే. అదేంటి, నీ మీసం ఒక పక్క లేచింది?”

ఎలియోదోరో మీసం అదుముకున్నాడు. “ఈ ఎండకు జుట్టే ఊడుతోంది మేడమ్, మీసమెంత!”

ఆమె నవ్వలేదు. “ప్రెస్సుకు పంపు. నేను చూస్తుండగా పంపు.”

అతని వేలు కదల్లేదు. పంపితే ఎర్మీనియా పోతుంది, పంపకపోతే తన గుట్టు ముఠాకు తెలిసిపోతుంది.

“ఇదిగో తల్లీ, నీ వంతు,” అంటూ ఆఫీసులో అందరికీ తెరెరే పోసే ముసలి ఎఉలాలియా కప్పు నీమియా చేతిలో పెట్టింది. తెరెరే ఒకే కప్పుతో అందరూ వంతులుగా తాగుతారు, వంతు వచ్చినప్పుడు కాదనడం మర్యాద కాదు. గొట్టం గురగురమనేదాకా తాగి కప్పు తిరిగివ్వాలి. నీమియా తల వంచింది.

ఎలియోదోరో లింక్ తెంచిన పేజీకి మారి, పంపేసి, మళ్లీ జామ పేజీ తెరిచాడు. కప్పు గురగురమంది.

“వెళ్లిందా?”

“వెళ్లింది మేడమ్.”

సాయంత్రం పత్రిక చంకలో పెట్టుకుని ముగ్గురు హంతకులు ముఠా పడవెక్కబోయి పోలీసుల చేతికి చిక్కారు. పత్రికాఫీసు గేటు దగ్గరే నీమియాకు సంకెళ్లు పడ్డాయి.

“నేను జామ అనే రాశాను!” అని అరిచింది.

“మీ ఫైల్లో ఇప్పటికీ జామే ఉంది మేడమ్,” అన్నాడు ఎలియోదోరో, మీసం పీకుతూ.

మర్నాడు సాక్ష్యం చెప్పొచ్చి ఎర్మీనియా ముందుగా పాస్తాఫ్రోలా అడిగింది. జామదే కావాలంది.