ఇసుకదిబ్బకు ఆకుపచ్చ రంగు

ఆ రోజు ఆ ఇంట్లో ఐదుగురున్నారు. సముద్రం ఎక్కడెక్కడ ఒడ్డును కోస్తోందో మ్యాపులు గీసే ఇంజనీరు, ఆయన అత్తగారు, డ్రోన్ ఎగరేసే ఆపరేటరు, మెడలో మూడు పేటల ముత్యాలతో విదేశం నుంచి దిగిన సలహాదారు మేడం, అత్తగారికి సూదిమందు ఇవ్వడానికి వారం క్రితం చేరిన నర్సు. సాయంత్రం నాలుగు కొట్టేసరికి వాళ్ళలో ఇద్దరు ప్రాణాలతో లేరు.

నర్సు నర్సు కాదు. నిఘా డిపార్ట్‌మెంట్‌లో ఆమెను చీమ అంటారు. ఆ ఉదయం ఛీఫ్ ఫోన్లో చెప్పింది నాలుగే ముక్కలు.

"రాత్రికి తుఫాను. నాలుగింటికి ఆ ఇంటినుంచి మ్యాప్ కంట్రోల్ రూముకి వెళ్తుంది. ఉన్న కాసిని బస్సులూ ప్రమాదమని ఎర్ర రంగు పడ్డ ఊళ్ళకే పంపి ఖాళీ చేయిస్తారు, ఆకుపచ్చవాటిని వదిలేస్తారు. ఒక స్మగ్లింగ్ ముఠాకి ఉత్తరపు రేవు ఖాళీగా కావాలి, పడవలోంచి ఆయుధాలు దించుకోడానికి. రంగులు మార్చేదెవరో పట్టుకో."

"మరి మేడం?"

"మన మనిషే. కోడ్ అడుగు."

వంటగదిలో చీమ అడిగింది. "కొబ్బరినూనె ఉందా అండీ?"

మేడం గ్లాసు కడుగుతూ నవ్వింది. "పేరుకుపోయింది. ఎండలో పెట్టాలి."

కోడ్ సరిపోయింది. చీమ గుండెల మీద చేయి వేసుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

మూడున్నరకి ఆపరేటరు ల్యాప్‌టాప్ ముందు గొణగడం మొదలుపెట్టాడు.

"సార్, ఇసుకదిబ్బ ఊరు ఆకుపచ్చగా ఎలా వస్తుంది? ఏటా పది గజాలు సముద్రం మింగుతోంది కదా."

ఇంజనీరు వంగి చూశాడు.

"పాత ఒడ్డుగీత పోటు వేళ ఫొటోలోది సార్. కొత్తది ఆటు వేళది. నీళ్ళు వెనక్కి పోయాక కొలిస్తే ఇసుక పెరిగినట్టే ఉంటుంది. రేవుకి దీన్నే తిరగేశారు. రాయిలా ఉన్న రేవేమో ఎర్రబడింది. ఇవి నా డ్రోన్ తీసినవి కావు, ఈ ఫొటోలు ఎవరిచ్చారు?"

"నేనే," అంది వెనకనుంచి మేడం.

సైలెన్సర్ తుప్పుమంది. ఆపరేటరు నుదురు కీబోర్డు మీద వాలింది. రెండో తూటా ఇంజనీరు భుజంలో దిగింది. మేడం శవాన్ని కుర్చీతో సహా తన్నేసి, మ్యాప్ పంపే బటన్ నొక్కింది. పది శాతం.

చీమ సిరంజిల ట్రేతో గుమ్మంలో నిలబడి ఉంది.

"కోడ్ అబద్ధం కాదు చెల్లీ," అంది మేడం. "నేను మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా."

"దిబ్బ మీద నాలుగు వేలమంది ఉన్నారు."

"ఈత రాదా వాళ్ళకి?"

ట్రే ఎగిరి మేడం ముఖాన పడింది. తూటా చీమ చెవి తమ్మెను తెంపుకుపోయింది. పిస్టల్ ఎటో జారింది. ఇద్దరూ బల్లమీదినుంచి కలబడి కింద పడ్డారు. మేడం మోకాలి దెబ్బకి చీమ పక్కటెముక పుటుక్కుమంది. పది వేళ్ళూ గొంతు చుట్టూ బిగిశాయి. డెబ్బై శాతం. కళ్ళు బైర్లు కమ్ముతుంటే చీమ చేతికి ముత్యాలు తగిలాయి. మూడు పేటలూ కలిపి మెలిపెట్టింది. అవి దారానికి గుచ్చినవి కావు. స్టీలు తీగ. ఎవరి పీకో కోయడానికి మేడమే చేయించుకున్న గాడ్జెట్. తీగ చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగింది. మేడం మడమలు నేలను తన్ని తన్ని ఆగిపోయాయి.

తొంభై తొమ్మిది. చీమ నెత్తుటి చేత్తో నెట్ కేబుల్ పీకేసింది.

"సార్, సరైన ఫొటోలు?"

ఇంజనీరు పళ్ళు బిగించి ఒంటిచేత్తో రెండు చోట్లకీ డ్రోన్ తీసిన పోటు వేళ ఫొటోలు పెట్టాడు. ఇసుకదిబ్బ ఎర్రబడింది. రేవు పచ్చబడింది. చీమ కేబుల్ మళ్ళీ గుచ్చింది. నాలుగింటికి ఇంకో నిమిషం ఉందనగా కంట్రోల్ రూమ్ జవాబిచ్చింది. బస్సులు దిబ్బకి బయల్దేరాయి. రేవులో పోలీసులు పడవ కోసం కాపు కాశారు.

చీమ గాజుగుడ్డ చింపి ఇంజనీరు భుజానికి కట్టు కట్టబోయింది. అప్పటికి అత్తగారు గదిలోంచి వచ్చింది. గోడ పట్టుకుని అంతా చూసింది.

"ముట్టుకోకు తల్లీ. నువ్వు నర్సువి కాదని మొదటి సూదికే తెలిసింది నాకు. మూడు రోజులు ఒక పక్కకే పడుకున్నాను."

అల్లుణ్ణి తన గదిలోకి నడిపించుకుపోతూ వెనక్కి తిరిగింది.

"ఊళ్ళని నువ్వు కాపాడు. మా అల్లుణ్ణి నేను కాపాడుకుంటా."

తలుపు సరిగ్గా చీమ ముక్కు ముందు మూసుకుంది.