సోమవారం ఉతికిన నీలం చొక్కా

సోమవారం పొద్దున్నే ఇంగ్లండ్ రేవు పట్టణం సౌత్ షీల్డ్స్‌లో ఆ నావికుల వీధి వీధంతా బట్టలుతుకుతోంది. యుద్ధమొచ్చిందని మురికి ఆగుతుందా! ఆగ్నెస్ మాత్రం చల్లారిన టీ ముందు కూర్చుని, కోడలు ఈడిత్ పెట్టె సర్దుకోవడం చూస్తోంది.

కొడుకు రాల్ఫ్ పనిచేసే సరుకుల ఓడ అట్లాంటిక్‌లో మునిగి ఆరు వారాలైంది. నలభై ఓడలు బారులు తీరి వెళ్తుంటే, చివరి వరుసలో దానికే టార్పెడో తగిలింది. మిగతావి ఆగలేదు. ఆగకూడదని ఆజ్ఞ.

ఓడ కదిలిన రోజు అందులో వెళ్ళే మనిషి బట్టలు ఇంట్లో ఉతకకూడదు, ఉతికితే సముద్రం అతన్ని కడిగేస్తుందని ఆ వీధిలో పసిపిల్లలకీ తెలుసు. రాల్ఫ్ ఓడ కదిలిన సోమవారం పెరట్లో దండెం మీద అతని నీలం చొక్కా ఆరుతూ అందరి కళ్ళా పడింది. ఆ రోజు బట్టల కుప్పంతా అత్తాకోడళ్ళిద్దరూ కలిసే ఉతికారు. అయినా వీధి తప్పంతా కోడలి నెత్తినే రుద్దింది. చొక్కా ఎవరి చేతిలో పడిందో తనొక్కదానికే తెలుసనుకున్న ఆగ్నెస్ నోరు విప్పలేదు. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

"నిజంగానే మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతావా?"

"ఉండి ఏం చెయ్యను అత్తయ్యా? నిన్న రొట్టెల కొట్టు దగ్గర క్యూలో పక్కింటి నోరా నా వెనకాల నిలబడనంది. రేపు పాపతో, 'మీ నాన్నని ముంచింది మీ అమ్మే' అంటే?"

ఆగ్నెస్ టీ కప్పు పక్కకి నెట్టింది. కోడలితో పాటు మనవరాలు కూడా వెళ్ళిపోతుంది.

"ఆ చొక్కా ఉతికింది నేనే," అనేసింది. "ఓడ బుధవారం కదుల్తుందేమో అన్నాడే వాడు! అసలు తేదీ ఎవరికీ చెప్పనివ్వరాయె. వాడొచ్చేసరికి శుభ్రంగా ఉంటుందని... నిన్ను అందరూ అంటుంటే నోరు మూసుకు కూర్చున్నాను. పాపిష్టిదాన్నమ్మా!"

"నాకు తెలుసు."

"తెలుసా?"

"నేను చొక్కాని భుజాల దగ్గర తగిలిస్తాను. మీరు తలకిందులుగా, కింది అంచుకి క్లిప్పులు పెడతారు. ఆ రోజే చూశాను."

"మరి చెప్పలేదేమే పిచ్చిదానా?"

"కొడుకే పోయాడు, పైన ఈ బరువు కూడానా మీకు? కానీ ఒక్కసారైనా మీ అంతట మీరే అంటారని ఎదురుచూశాను." ఈడిత్ కళ్ళు నిండాయి. "ఆయన్ని ముంచింది టార్పెడో అత్తయ్యా, చొక్కా కాదు."

ఆగ్నెస్ ఏప్రనుతో మొహం తుడుచుకుని, ఆడవాళ్ళు బట్టలారేస్తున్న వెనకవీధిలోకి నడిచింది.

"నోరా! అందరూ వినండి! నా కొడుకు చొక్కా ఉతికింది నేను. ఇన్నాళ్ళూ నా తప్పు కోడలి మీద పడుతుంటే ఊరుకున్నాను. అనేదేదో నన్నే అనండి!"

నోరా తల దించుకుంది.

ఆగ్నెస్ వెనక్కి తిరిగింది. పెరట్లో ఈడిత్, పెట్టెలోంచి తీసిన పాప గౌనుని కింది అంచుకి క్లిప్పులు పెట్టి, తలకిందులుగా దండేనికి తగిలిస్తోంది.