సుబ్బరత్నం మేడం ముక్కు

నరసరావుపేటలో మా ఆసుపత్రి ల్యాబుకి మాస్ స్పెక్ట్రోమీటర్ వచ్చాక పని తేలికైంది. ప్లేటులో పెరిగిన బ్యాక్టీరియాని పుల్లతో కాస్త తీసి, స్టీలు పలక మీద రాసి లోపల పెడితే చాలు. టీ తాగొచ్చేలోగా పేరు చెప్పేస్తుంది. అంతకుముందు ఆ పని సుబ్బరత్నం మేడం ముక్కు చేసేది. మూత తీసి వాసన చూసి చెప్పేవారు. అలా చూస్తే ఊపిరితో పాటు బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుందని మేడంకి తెలియక కాదు, మొండితనం. పోయిన వానాకాలం ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. నాకు పని నేర్పింది ఆవిడే. అయినా ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఐసీయూలో రొంపిచెర్ల పిల్ల వెన్నెల జ్వరంతో కాలిపోతోంది. ఏ మందూ పనిచేయడం లేదు. బ్యాక్టీరియా పేరు తెలిస్తేనే మందు మారుస్తారు. వాళ్ళమ్మ జయలక్ష్మి ల్యాబు అద్దం బయట నిలబడి నన్నే చూస్తోంది.

వెన్నెల రక్తంలోంచి ప్లేటులో పెంచింది రాసి పలక పెట్టాను. మిషన్ పేరు చెప్పలేదు. మళ్ళీ రాసి పెట్టాను. మళ్ళీ అంతే.

"ఏందమ్మా, ఇంకా తేలలా?" అంది జయలక్ష్మి.

"తేలుద్దిలే పిన్నీ."

మేడం దగ్గర అంటిన అలవాటు... మూత తీసి ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా తగల్లేదు.

అప్పుడు నా చెంప పక్కన ఎవరో గాలి పీల్చారు... నిదానంగా... చాలాసేపు.

"మట్టి వాసనేనే బిందూ. పలచగా రాయి."

భయపడాల్సింది. పడలేదు. పలచగా రాశాను. తెర మీద పేరు వచ్చింది. పొలం మట్టిలో ఉండే రకం, ప్రాణాలు తీసేది. ఐసీయూకి ఫోన్ చేశాను. మందు మార్చారు.

రెండు వారాలకి వెన్నెల జ్వరం దిగి వార్డుకి వచ్చింది. జయలక్ష్మి అరటిపళ్ళు పట్టుకుని నాకోసం వచ్చింది. నాకేమో నిన్నటి నుంచి దగ్గు. ఏసీ గాలి పడలేదనుకున్నాను.

అద్దం దగ్గరే ఆగిపోయింది ఆవిడ.

"నీ ఎనకాల ఆ పెద్దావిడ ఎవరమ్మా?" గొంతు తగ్గించి అడిగింది.

తిరిగి చూశాను. ఫ్రిజ్. గోడ. అంతే.

"ఏం చేస్తా ఉంది పిన్నీ?"

"గుడ్డ పీలిక తీసింది... నీ గడ్డం కింద నించి నెత్తి మీదకి కడతా ఉంది... పోయినోళ్ళకి కట్టినట్టు..."

నాకేమీ తగల్లేదని చెబుదామనుకున్నాను.

నోరు తెరుచుకోలేదు.